కొత్త మెషిన్, పాత మెట్టె

ఎమ్మారై స్కానింగ్‌కి ముందు ఒంటిమీద లోహమనేది ఉండకూడదన్నారు. గాజులు, చెవులవి, మెడలోవి అన్నీ ఇంటి దగ్గరే తీసిపెట్టి, సూత్రాల బదులు పసుపుకొమ్ము కట్టుకుని వచ్చింది మా ఆవిడ. కాలి మెట్టెల సంగతి ఇద్దరికీ తట్టలేదు. పెళ్లిలో నేను తొడిగినవి అవి. ఆ తర్వాత వాటిని ఎవరూ కదిలించలేదు. గోళ్లలాగా ఒంట్లో కలిసిపోయాయి. నర్సు చూసి అవి కూడా తీయాల్సిందేనంది. మా ఆవిడ నా మొహంలోకి చూసింది. మొగుడు బతికుండగా మెట్టెలు తీయడమేమిటని ఆమె బాధ. ఆ నర్సుకి అదంతా ఎలా చెబుతాం?

"తీసేది మీరే కదండీ, తప్పేం లేదులెండి," అని తనకు తనే సర్దిచెప్పుకుని కాలు చాపింది.

నేను నేలమీద కూర్చుని, చేతులకి రాసుకునే లోషన్ పూసి, మెల్లగా లాగాను. మెట్టెకు రెండు కొసలూ కలిసి ఉండవు. వేలికి సరిపడా నొక్కుకోవడానికి కాస్త సందు వదులుతారు. ఆ సందు పెద్దది చేస్తేగానీ రాలేదు. స్కానింగ్ అయ్యాక మళ్లీ నేనే తొడిగాను. ఎడమకాలిది చక్కగా కూర్చుంది. కుడికాలి వేలు అప్పటికే ఒరుసుకుపోయి ఉంది, నొక్కబోతే "అబ్బా" అంది. సరే, ఇంటికెళ్లాక నొక్కుదాంలే అని వదిలేశాను. ఇంటికెళ్లాక స్కాన్ రిజల్ట్ వచ్చింది. ఇక మెట్టె ఎవరికి గుర్తుంటుంది?

ట్రీట్‌మెంట్ మొదలయ్యేలోపు ఒకసారి నీళ్లు చూడాలని ఉందంటే, ఆగస్టులో ఒక ఆదివారం మేముండే ట్రాయ్ నుంచి గంట దూరంలో ఉన్న లేక్ దగ్గరికి తీసుకెళ్లాను. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాలి లోతు వరకూ నడిచింది. నవ్వింది కూడా. ఒడ్డుకొచ్చి టవల్ మీద కూర్చుని కాళ్లు తుడుచుకుంటూ ఆగిపోయింది. కుడికాలి వేలు ఖాళీగా ఉంది. సాయంత్రం దాకా నేను ఆ నీళ్లలో వంగి చేతులతో ఇసక కెలుకుతూనే ఉన్నాను. చుట్టూ పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఒక్కొక్కళ్లనీ పట్టుకుని బయటికి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

కారులో అంది: "నేను పోయేటప్పుడు రెండు కాళ్లకీ ఉండాలండీ."

"పిచ్చి మాటలు మాట్లాడకు. కొత్తవి కొందాం."

"కొత్తవి ఎవరైనా కొంటారు. అవి మీరు తొడిగినవి."

మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. నాకు ఒక్కసారి చెబితే చాలు.

మర్నాడే హార్డ్‌వేర్ షాపుకెళ్లి ఒక మెటల్ డిటెక్టర్ కొన్నాను. పసుపుపచ్చ ప్లాస్టిక్‌ది, పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంది. దానికి ఒకటే కూత. సీసా మూత కనబడినా కూస్తుంది, చాక్లెట్ చుట్టిన రేకు కనబడినా కూస్తుంది, టెంట్ మేకుకీ అదే, బీరు డబ్బా చెవికీ అదే. శనివారం పొద్దున్నించీ తవ్వితే సంచీడు చెత్త వచ్చింది. నడుం పడిపోయింది. ఇలాంటి దరిద్రపు మెషిన్‌ని ఎవడు తయారు చేశాడురా అనుకున్నాను.

నేను చేసేది కార్ల కంపెనీలో సెన్సర్లను టెస్ట్ చేసే ఉద్యోగం. అసలు పార్ట్ దొరకలేదని దాంతో పోలిందేదో పెట్టి టెస్ట్ చేసి పాసయిందని ఎవరైనా రిపోర్ట్ తెస్తే, నేను పెట్టే చీవాట్లు ఆ ఫ్లోర్ మొత్తం వినిపిస్తాయి. అలాంటివాణ్ణి బొమ్మ పట్టుకుని ఇసకలో వంగొని తిరగడం నాకే నామోషీగా అనిపించింది.

ఆ ఒడ్డునే చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక తెల్ల ముసలాయన తిరిగేవాడు. రిటైరయ్యాక ఇదే కాలక్షేపమట. దేనికోసం వెతుకుతున్నావని అడిగాడు. కాలివేలికి పెట్టుకునేదని, మొగుడు తొడుగుతాడని, అది ఎందుకు తీయకూడదో, ఇదంతా విప్పి చెప్పే ఓపిక నాకెక్కడిది? మా ఆవిడ రింగ్, వెండిది అన్నాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు. ఈ పసుపుపచ్చదానితో పని జరగదు, ఒక్కో లోహానికి ఒక్కో నంబర్ చూపించే మెషిన్ కొనుక్కో, రేకుల నంబర్లకి నోరు మూయించెయ్యి, వెండి ఉంగరమైతే పెద్ద నంబర్ల దగ్గర గట్టిగా పలుకుతుంది అన్నాడు. జేబులోంచి పాతకాలం వెండి నాణెం ఒకటి తీసి, దీన్ని పూడ్చి ప్రాక్టీస్ చేసుకో, నీదే ఉంచుకో అన్నాడు. మంచి మనిషి. నేనడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చాడు.

రెండో మెషిన్ వచ్చింది. దానికి స్క్రీన్ ఉంది. రేకుల నోరు మూయించాను. ఆహా, ఎంత ప్రశాంతంగా ఉందో ఇసక! కూతలు లేవు, చెత్త లేదు. నా చేతి వెండి ఉంగరం తీసి పూడ్చి చూస్తే ఖంగుమంది. నాణెం పూడ్చినా అంతే. ఇంకేం కావాలి?

మెట్టె మాత్రం దొరకలేదు. ఒడ్డున దొరకకపోతే నీళ్లలో ఉన్నట్టేగా. రెండోది నీళ్లలోకి దిగదు కాబట్టి, దిగేది కొన్నాను. దానికి లోతు చాలదేమోనని ఇంకా పెద్ద కాయిల్, అదే నేలమీద ఊపే చక్రం, తెప్పించాను. ఇది చదివేవాళ్లకి పిచ్చి అనిపిస్తుంది. పిచ్చే. కానీ అది ఎక్కడ పట్టుకుందో చెబుతాను. హాస్పిటల్లో మా ఆవిడ చేతికి మందు ఎక్కిస్తుంటే పక్క కుర్చీలో గంటల తరబడి కూర్చోవాలి. ఆమె మగతలో ఉంటుంది. నాకు చేయడానికి ఏమీ ఉండదు. డాక్టరు చేస్తాడు, నర్సు చేస్తుంది, ఆఖరికి ఆ మందు సంచీ కూడా ఏదో చేస్తోంది. నేను ఫోన్‌లో రివ్యూలు చూసేవాణ్ణి. ఏ మెషిన్ దేనికన్నా మంచిదో, ఏది చెత్తని ఇంకా బాగా వడగడుతుందో. ఆర్డర్ నొక్కగానే ఆ పూట ఆమె కోసం ఒక పని చేసినట్టుండేది. డాక్టరు కూడా అంతే కదా, ఈ మందు పని చేయకపోతే దీనికన్నా కొత్తది ఇంకోటుంది అనేవాడు. ఆయన మాట నమ్మినప్పుడు మెషిన్ రివ్యూ నమ్మితే తప్పేమిటి?

ఇంటి ముందు కొత్త అట్టపెట్టె కనబడినప్పుడల్లా మా ఆవిడ నవ్వేది. "మళ్లీ ఇంకో సవతా? గరాజ్‌లో ఎంతమందిని పెడతారండీ?"

మా వీధి చివర ఉండే స్నేహితుడిది వరంగల్. వాళ్లావిడ వండిన చారు, పప్పు తెచ్చిచ్చి పోయేవాడు. ఒక శనివారం నేను సామానంతా కారులో సర్దుకుంటుంటే గరాజ్ గుమ్మంలో నిలబడి చూశాడు. "అన్నా, ఏమనుకోకు. వదిన ఒక్కతే ఉంటది. జర ఆమె దగ్గర కూసోవచ్చు గదా, గా ఇసుకల ఏమున్నది?"

"నీకు తెలీదులే," అని డిక్కీ గట్టిగా వేశాను. నెల రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు. అతనన్నది నిజం కాబట్టే అంత మండింది నాకు.

అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం హాల్లో కూర్చుని కొత్త కాయిల్ బిగిస్తున్నాను. మా ఆవిడ రిక్లైనర్‌లో పడుకుని చూస్తోంది. జుట్టు పోయింది, తలకి ఊలు టోపీ. ఉన్నట్టుండి దుప్పట్లోంచి ఎడమకాలు బయటపెట్టింది.

"దాని జత ఇక్కడే ఉందిగా. నా కాలు పెట్టి టెస్ట్ చేసుకోండి."

"రిక్లైనర్ నిండా స్టీలే ఉంది. ఏం వినబడి చస్తుంది?"

"అయితే బయట గడ్డిలోకి వస్తాను. కుర్చీ కూడా వద్దు, నిలబడతాను."

"బయట చలిగా ఉంది. రక్తంలో కౌంట్స్ తక్కువున్నాయని మొన్ననే కదా చెప్పారు. నువ్వు కదలకు, నా దగ్గర నాణెం ఉంది, ఉంగరం ఉంది. వెండి వెండేగా."

"మీ ఇష్టం," అని కాలు లోపలికి లాక్కుంది.

నవంబర్ చివర్లో లేక్ అంచులు గడ్డకట్టడం మొదలైంది. ఆ తర్వాత మొత్తం గడ్డకట్టింది. మందులు కూడా ఆపేశారు. ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు. నేను అప్పుడు కూడా ఇంకో మెషిన్ ఆర్డర్ చేశాను. మార్కెట్లోకి అప్పుడే వచ్చింది, ఇంతకు ముందున్నవాటి కన్నా తెలివైనదట, రేకుని ఇట్టే పసిగట్టి వదిలేస్తుందట. వసంతంలో మంచు కరగగానే దీనితో మొదలుపెట్టొచ్చు అనుకున్నాను. వసంతం ఇద్దరికీ వస్తుందన్నట్టే అనుకున్నాను.

ఫిబ్రవరికి ఆమె కాళ్లు బాగా సన్నబడ్డాయి. ఒకరోజు పన్నెండు గంటలప్పుడు నేను జావ తాగించి మూతి తుడుస్తుంటే, వంగి తనే ఎడమకాలి మెట్టె తీసింది. ఊరికే వచ్చేసింది. నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"పక్కబట్టల్లో జారి ఇది కూడా పోతుందేమోనండీ. మీ దగ్గరుంచండి. అప్పుడు మళ్లీ తొడుగుదురుగాని."

దాన్ని జేబులో వేసుకున్నాను. తర్వాత కాస్త నవ్వు మొహం పెట్టి, "ఇప్పుడైనా టెస్ట్ చేసుకోండి, చలికి నేను రావక్కర్లేదుగా," అంది.

వెనక పెరట్లో మంచుమీద ఒక ప్లాస్టిక్ మూత పెట్టి, దాని మధ్యలో మెట్టె పెట్టాను. కొత్త మెషిన్ తీసుకుని దానిపైన అటూ ఇటూ ఊపాను. ఏమీ లేదు. ఇంకా కిందికి దించి, దాదాపు తాకిస్తూ ఊపాను. చప్పుడే లేదు. నాణెం పక్కన పెడితే గుడిగంట కొట్టినట్టు మోగింది. నాణెం తీసేస్తే మళ్లీ మౌనం. రేకులకి మూయించిన నోరు తెరిచి చూశాను. అప్పుడు సన్నగా, తెగి తెగి గీరింది. స్క్రీన్‌మీద పడిన నంబర్ చాక్లెట్ కాగితం నంబర్.

అది నాకు తెలియని విషయం కాదు. చదువుకున్నదే. ఆ మెషిన్ లోహంలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. అది చుట్టూ తిరిగిరాగలిగితే గట్టిగా పలుకుతుంది. నాణెంలో తిరుగుతుంది, ఉంగరంలో తిరుగుతుంది. మెట్టెకి సందు ఉంది. తిరగడానికి దారి లేదు. వెండి అయితే ఏం, మెషిన్‌కి అది రేకుముక్కే. పైగా నేను కొన్న ప్రతి మెషిన్ ముందుదానికన్నా రేకుల్ని బాగా వదిలేసేది. ఆ ఆగస్టు నించీ నేను ఇల్లు వదిలి, ఆమెని వదిలి వెళ్లి, దానిమీదుగా ఎన్నిసార్లు నడిచానో.

గరాజ్‌లో అట్టపెట్టెల వెనక దుమ్ముకొట్టుకుని ఉన్న పసుపుపచ్చ బొమ్మని లాగాను. బ్యాటరీలు మార్చాను. మెట్టె దగ్గరికి తేగానే కూసింది, దాని పిచ్చి కూత. ఆ మంచులో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నానని కూడా తెలీలేదు. ఏడ్చాను.

లోపలికి వచ్చేసరికి ఆమె మేలుకునే ఉంది. "మోగిందా?"

"మోగింది."

"కొత్తదేనా?"

"కొత్తదే."

"హమ్మయ్య. అంత ఖర్చు పెట్టినందుకు," అని కళ్లు మూసుకుంది. కొంచెంసేపాగి, "అయితే ఎండలు రాగానే దొరుకుతుందండీ, చూడండి," అంది.

మార్చిలో పోయింది. లేక్ ఇంకా కరగలేదు. తీసుకెళ్లడానికి ఫ్యునరల్ హోమ్ వాళ్లు వస్తుంటే, కొంచెం ఆగమని నేను ఒక్కణ్ణే గదిలోకి వెళ్లాను. వరంగల్ స్నేహితుడు తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు. జేబులోంచి మెట్టె తీశాను. ఏ కాలికి పెట్టాలో కాసేపు తేల్చుకోలేకపోయాను. చివరికి కుడికాలికే తొడిగాను. ఈసారి నొప్పెడుతుందేమోనని ఆగక్కర్లేదు. రెండు కొసలూ కలిసేదాకా గట్టిగా నొక్కాను.