సైదమ్మ పేరున్న కట్ట

ఎనిమిదేళ్లుగా మా ఊళ్ళో నన్ను మంచిదని అంటున్నారు. ఇక మోయలేను.

మబ్బు పడితే చాలు, నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న చోట ఆ మాట వస్తుంది. ఆ ఏడు వానకు ఈమె లేకపోతే మా బతుకులు నీళ్ళలో కలిసేవని యాదమ్మ మొదలుపెడుతుంది. మరియమ్మ అయితే ప్రార్థనలో నా పేరు తలుస్తుంది. నేను తల వంచుకుంటాను. అణకువ అనుకుంటారు. కాదు. మీకు నేనెవరో తెలియదు, నాకు మీరెవరో తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మిగతాదంతా రాస్తాను.

ముందే ఒక మాట. ఏడుస్తూ రాయడం లేదు. అయ్యో పాపం అనిపించుకోవడానికీ రాయడం లేదు.

మాది నేరేడుచర్ల పక్కన ఊరు. మూడెకరాలు కౌలుకు చేసేవాళ్ళం. మా ఆయన సూర్యాపేటలో ఒక గోదాముకు కాపలా ఉండి వారానికొకసారి వచ్చేవాడు. సేద్యమంతా నాదే. ఆ ఏడు యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర రాశి పోసి పన్నెండు రోజులైంది. తేమ ఎక్కువుందన్నారు. ఎండబెట్టాం. తేమ తగ్గాక సంచులు లేవన్నారు. సంచులొచ్చాక లారీ లేదన్నారు. నా రాశికి ఒక పక్క యాదమ్మది, ఇంకో పక్క మరియమ్మది. ముగ్గురమూ కౌలుదారులమే. పంట పాడైతే వచ్చే పరిహారం ఏదైనా పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకు పోతుంది. మాకు మొలకెత్తిన వడ్లు మిగులుతాయి.

మబ్బులు కమ్ముతుండగానే మిర్యాలగూడలో టార్పాలిన్ పట్టాలు అమ్మే దుకాణానికి ఫోన్ చేసి రెండు పంపమన్నాను. ఇంట్లో ఉన్నవి చిరుగులు పట్టాయి. యాదమ్మా మరియమ్మా తెప్పించుకోలేకపోయారు. వాన వచ్చే వారమని దుకాణాయన రేటు అంతగా పెంచాడు. మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. డ్రైవర్ కోదాడ దాకా పోవాలట, తొందరలో ఉన్నాడు. కట్ట దించాడు, పోయాడు.

విప్పితే ఆరు పట్టాలున్నాయి. రెండు విడిగా, నాలుగు వేరే తాడుతో కలిపి కట్టి. ఆ నాలుగింటి మీద ఒక అట్టముక్క ఉంది. సైదమ్మ, త్రిపురారం, నాలుగు.

ఇంటర్ దాకా చదివినదాన్ని. అక్షరం రాదని తప్పించుకోలేను.

అట్టముక్క పీకి మడిచి నడుముకు చెక్కుకున్నాను. ఎందుకు పీకాను? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదొక్కటే. తిరిగి పంపాలనుకున్న మనిషికి పేరు దాచాల్సిన పనేముంది?

రెండు పట్టాలు యాదమ్మకిచ్చాను, రెండు మరియమ్మకిచ్చాను. ఎవరివని మరియమ్మ అడిగింది. నేనే ఎక్కువ తెప్పించానన్నాను. ఆమె నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ చేతుల వెచ్చదనం, ఏం చెప్పను, బాగుంది.

తర్వాత దుకాణాయన ఫోన్ చేశాడు. ఆయన కోదాడ మనిషి, మాట అటువైపుదే.

“అమ్మా, మీ కట్టలో ఇంకో నాలుగు పట్టాలేమన్నా కలిసి వచ్చినయ్యా? త్రిపురారం ఆమెవి కనపడట్లేదండి.”

“రెండే వచ్చినయ్.”

“ఒకసారి సరిగ్గా చూడండమ్మా. ఇంకోటి పంపుదామంటే దుకాణంలో ఒక్కటీ మిగల్లేదు. ఆమె పొద్దుట్నించీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తా ఉంది.”

“నాకు రెండుకు ఆరుకు తేడా తెల్వదా? రెండే.”

ఆరు అనే మాట నేనే నోరు జారి అన్నాను. ఆయన పట్టుకోలేదు. ఇబ్బంది పెట్టానని ఆయనే నాకు క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

వాన మామూలుగా రాలేదు. గాలి, వడగళ్ళు. పట్టాల అంచుల మీద ఇటుకలు పెట్టాం, చాలక మేమే కూర్చున్నాం. రాశుల చుట్టూ పారతో కాలువలు తీశాం. ఆ పక్కన మా కళ్ళముందే ఎవరెవరివో వడ్లు రోడ్డు పక్క కాలువలో కొట్టుకుపోయాయి. ఒక ముసలాయన దోసిళ్ళతో ఎత్తిపోస్తున్నాడు. మా మూడు రాశులూ నిలిచాయి. ఒక్క గింజ తడవలేదు. ఆ రోజే నేను మంచిదాన్నయ్యాను.

పొరపాటున వచ్చిన వస్తువు తిరిగి ఇచ్చేయాలి. తెలుసు. నా మనవలకు నేనే చెబుతాను. కానీ మీరు ఫ్యాను కింద కూర్చుని చెప్పకండి. ఆరు నెలల కష్టం నేల మీద పోసి, మీద మబ్బు దిగుతుంటే, చేతిలో నాలుగు పట్టాలు పెట్టుకుని చెప్పండి. పొరపాటు ఎవరిది? కట్ట కట్టినవాళ్ళది. రేటు పెంచిందెవరు? పన్నెండు రోజులు లారీ పంపనిదెవరు? వాళ్ళలో ఒక్కరికైనా నిద్ర పట్టకుండా పోయిందా? నేనొక్కదాన్నే ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి? ఆ రెండు రాశులు తడిసిపోతే నా నిజాయితీ వాళ్ళకు అన్నం పెట్టేదా?

ఈ మాటలన్నీ నిజమే. ఒక్కటీ వెనక్కి తీసుకోను.

అయితే ఇంకొక నిజం ఉంది. ఫోన్ వచ్చేటప్పటికే వాన మొదలైందని, కప్పిన పట్టాలు ఎలా తీస్తానని, ఎన్నేళ్ళుగానో నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. ఫోన్ వచ్చింది పొద్దున పది గంటలకు. వాన వచ్చింది సాయంత్రం నాలుగు దాటాక. మిర్యాలగూడ దాకా ఒక ఆటో, అక్కణ్ణించి త్రిపురారానికి ఇంకొకటి. ఎంత నిదానంగా పోయినా మధ్యాహ్నం భోజనాల వేళకు చేరేదాన్ని. అసలు పోవాల్సిన పని కూడా లేదు, దుకాణాయనే బండి పంపేవాడు. ఆ ఆరు గంటలూ నేనేం చేశాను? రాశి పక్కన కూర్చుని ఆకాశం చూశాను. త్రిపురారం వైపు చూడలేదు.

మరుసటి ఏడు ఎరువుల కోసం మిర్యాలగూడ పోయినప్పుడు దుకాణాయనే చెప్పాడు. సైదమ్మది గొర్రెలు కాసుకునే కుటుంబమట. మొదటిసారి ధైర్యం చేసి నాలుగెకరాలు కౌలుకు తీసుకుందట. వాన వెలిసిన రెండో రోజు దుకాణం ముందు నిలబడి శాపనార్థాలు పెట్టిందట. ఊరికే కొత్త పట్టాలు నాలుగిచ్చినా విసిరికొట్టి పోయిందట. ఆయన తల ఊపుతూ చెబుతుంటే నేనూ తల ఊపాను.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆమె పేరు నాతోనే తిరిగింది. పోయిన నెల ఒక ఆదివారం త్రిపురారం వెళ్ళాను. పండక్కి పొట్టేలు కావాలన్న సాకుతో ఇల్లు కనుక్కున్నాను. సైదమ్మ నా ఈడుదే. బక్కపలచని మనిషి, గొంతు గట్టిది. వాకిట్లో చాప పరిచి కూర్చోమంది.

“గొర్లు ఇప్పుడు లేవక్కా. ఆ రాళ్ళవాన పడ్డ ఏడే పోయినయ్.”

“వానకు గొర్లెట్ల పోతయ్?”

“వడ్లు పోయినయ్. కౌలు కట్టాలె గద, వడ్ల ఎన్కల గొర్లు పోయినయ్.”

ఇప్పుడు వేములపల్లి దగ్గర ఒక రైసు మిల్లులో వడ్లు ఎండబోసే పనికి పోతోందట. పరాయివాళ్ళ వడ్లు. అడగకుండానే పట్టాల సంగతి చెప్పింది. పైసలు ముందే కట్టిందట. రోడ్డు మీద నిలబడి సాయంత్రం దాకా ఎదురు చూసిందట. చెప్పి, లోపలికి పోవడానికి లేస్తూ అంది.

“ఎవల పాలైనయో గాని అక్కా, వాళ్ళ వడ్లన్న దక్కినయో లేదో.”

దక్కినయ్ అనాలి. నోరు తెరిచాను. ఆమె చాయ్ తీసుకొచ్చి చేతికిచ్చింది. తాగాను. గ్లాసు కడగబోతే వద్దంది. ఆటో ఎక్కి వచ్చేశాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేను జవాబు చెప్పగలను. లారీ సంగతి, రేటు సంగతి, పరిహారం సంగతి, అన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆమె అడిగింది మాత్రం మా వడ్లు దక్కాయా అని. దుకాణాయన మీద, సర్కారు మీద నేను చేసిన వాదన అంతా నిలుస్తుంది. సైదమ్మ ముందు నిలవదు. ఆమె కూడా కౌలుదారే. ఆమె రాశి కూడా నేల మీదే ఉంది.

మళ్ళీ ఆ రోజే వస్తే? నిజం చెబుతాను అని రాయాలని ఉంది. రాయను. తెలియదు. యాదమ్మ ముఖమూ మరియమ్మ ముఖమూ నా ఎదురుగా ఉన్నాయి. సైదమ్మది అప్పటికి ఒక అట్టముక్క మీది పేరు. ఎదురుగా ఉన్న ముఖాన్నే ఎవరైనా చూస్తారని మీరనవచ్చు. అనకండి. అలా సర్దిచెప్పడం నాకు బాగా వచ్చు.

క్షమాపణ అడగను. ఇవ్వాల్సింది మీరు కాదు, అడగాల్సిన చోట చాయ్ తాగి వచ్చాను. ఆ మూడు రాశులు నిలిచినందుకు నేను బాధపడలేను, ఆ నాలుగోది, సైదమ్మ రాశి, పోయింది నావల్లేనన్న మాట కాదనలేను. పేరు చదివాను. చదివాకే పంచాను. అడిగితే అబద్ధమాడాను. వాన కాదు, దుకాణం కాదు, నేను.

ఈ మాట ఇంతవరకూ నా నోట రాలేదు, చేత్తో రాయలేదు. ఇప్పుడు రాశాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఆకలేస్తోంది.