పడమటి నల్లా

దత్తాత్రికి ఒకటే పిచ్చి: సముద్రపు పోటు నుంచి కరెంటు తీయడం. సోలాపూర్‌లో సముద్రం లేకపోవడాన్ని అతను ఏనాడూ అడ్డంకి అనుకోలేదు.

అక్కడి నేతవాడ దాజీ పేట్‌లో కరెంటు పోయి మరమగ్గాల సాంచాలు ఆగితే, మిగతా నేతగాళ్లు బీడీ వెలిగించుకునేవారు. అతను మాత్రం పడమటికి తిరిగి నిలబడేవాడు.

"అక్కడ రోజుకు రెండుసార్లు నీళ్లు పైకొస్తయి, రెండుసార్లు కిందికి పోతయి. చక్రం పెడితె చాలు. సముద్రానికి సెలవుందా, పండుగుందా?"

చావింటికి పరామర్శకు వెళ్లినా, కాళ్లు కడుక్కునేలోగా మాట ఆటుపోట్ల మీదికి మళ్లేది.

"ఎన్నడన్న చూసినవా ఆ సముద్రాన్ని?" అనేది భార్య మంగళ.

"కరెంటును నువ్వు చూసినవా?"

ఆఖరికి సముద్రం దొరక్క మునిసిపాలిటీ నల్లాతో సరిపెట్టుకున్నాడు. "ఇది గూడ పోటే. నాలుగొద్దులకోసారి వస్తది. జర బద్ధకం పోటు." సైకిల్ డైనమోకు చక్రం తగిలించి, దాని చుట్టూ మంగళ పుట్టింటివాళ్లు పెట్టిన స్టీలు చెంచాలు బిగించాడు. అదీ సొంత నల్లా కింద కాదు, ఎదురింటి బాలమణి నల్లా కింద.

"ఆమెకెందుకయ్యా? పిలిస్తె పలుకుతదా? ఒట్టి పొగరుబోతు," అంది మంగళ.

"ఆమె నల్లా పడమటి మొగాన ఉంది. సముద్రం అటే గద."

నల్లా వస్తే చక్రం తిరిగేది, బాలమణి ఇంట్లో మిణుగురంత బల్బు వెలిగేది. వాడంతా నవ్వేది. మంగళ ఇంట్లో ఆనాటి నుంచీ ఉప్మా చేత్తోనే తిన్నారు.

మొన్నటి వానాకాలంలో, సాంచా నడుస్తుండగానే, దత్తాత్రి గుండె ఆగింది. పరామర్శకు చాలామంది వచ్చారు. ఆటుపోట్ల మాట ఎత్తేవాడే లేకపోయాడు.

దినాలయ్యాక, తిట్టడానికి మనిషి లేని ఇంట్లో మంగళకు నోరు బరువైంది. ఒక మధ్యాహ్నం ఎవరి మీదో తెలియని కోపంతో, తన చెంచాలు తాను తెచ్చుకుందామని ఎదురింటికి నడిచింది.

నల్లా వచ్చి ఉంది. చెంచా ఒకటి వంగి గోడకు తట్టుకోవడంతో చక్రం నిలిచిపోయింది. నీళ్లన్నీ మురుగు మోరీలోకి పోతున్నాయి. లోపల బాలమణి వెలుతురు కోసం గుమ్మానికి వీపు పెట్టి, ఒళ్లో చేటతో బీడీలు చుడుతోంది. ఆమె కళ్లెదుటి గోడకు ఆ బల్బు.

"బాలక్కా, నీళ్లు పోతున్నయి."

పలకలేదు.

"బాలక్కా!"

భుజం మీద చెయ్యి పడ్డాకగానీ ఆమె తిరగలేదు. తిరిగి చూసి, బిందె పట్టుకుని ఉరికింది. ధార అప్పటికే సన్నబడింది. సగం బిందె నిండిందో లేదో, ఆగిపోయింది.

బాలమణి మంగళ పెదవుల వైపు చూస్తూ అంది: "సాంచాల మోతల కండెలు చుట్టి చుట్టి చెవులు ఎన్నడో పోయినయి చెల్లె. అందరు అరిచి మాట్లాడే వాడల ఎవరు గుర్తుపడ్తరు? చెవిటిదంటరని నేనూ చెప్పలె. తమ్ముడొక్కడు పసిగట్టిండు. 'ఎవరికీ చెప్పనక్కా, బల్బు వెలిగితె లేచి బిందె పెట్టు' అన్నడు. ఆయన పోయినకాడ్నుంచి అది వెలుగుతలేదు."

మంగళ ఇంటికి వెళ్లి, మొగుడి కంట పడకుండా బియ్యం డబ్బా అడుగున దాచిన ఒకే ఒక్క చెంచా తీసుకొచ్చింది. వంగినదాన్ని ఊడబెరికి, దీన్ని నూలుపోగుతో గట్టిగా బిగించి, చక్రాన్ని చేత్తో తిప్పింది. గోడ మీద బల్బు మిణికింది.

"వెలిగింది," అంది బాలమణి.

మంగళ ఆమెకు ముఖం కనబడేలా తిరిగింది. "జర పడమటికి జరుపుదాం పట్టక్కా. లేకపోతె ఆయన ఊకోడు."