బావగారు హంతకుడైన ఆదివారం

మా అక్క భర్త గట్టిగా మాట్లాడగా మా ఇంట్లో ఎవరూ వినలేదు. అన్నం తినేటప్పుడు మంచినీళ్లు కావాలంటే ఖాళీ గ్లాసు కొంచెం ముందుకు జరిపేవారు తప్ప నోరు విప్పి అడిగేవారు కారు. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమస్తా ఆయన. మిల్లు మోతలో పనిచేసేవాళ్లందరికీ కేకలేసి మాట్లాడటం అలవాటైతే ఈయన మాట్లాడటమే మానుకున్నారని అక్క నవ్వుతూ అనేది. సాయంత్రాలు హిందీ క్లాసుకు వెళ్లొచ్చి, ఆ పాఠం కూడా పెదవులు కదిపి చదువుకునేవారట, శబ్దం రాకుండా.

ముప్ఫైల మొదటి సంవత్సరాలవి. మాట్లాడే సినిమాలు వచ్చాయని చెప్పుకోవడమే కానీ మా ఏలూరుకు ఇంకా రాలేదు. నాటకాలాడే పాత హాల్లోనే తెర కట్టి మూగ సినిమాలు వేసేవారు. తెరమీద బొమ్మలు ఆడుతుంటే మధ్యమధ్య ఇంగ్లీషులోనూ హిందీలోనూ అక్షరాలు వచ్చేవి. అవి చదవగలిగేవాళ్లు ఊళ్లో ఎంతమంది? అందుకని తెర పక్కన ఒక మనిషి నిలబడి, రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని, కథంతా తెలుగులో చెప్పేవాడు. హార్మోనియం, తబలా వాయించేవాళ్లు తెర కింద కూర్చునేవారు.

నాకు అప్పటికి పెళ్లయి ఏడాది. కొల్లేటి ఒడ్డున అత్తవారి ఊరు. జ్వరపడి లేచి నీరసంగా ఉన్న అమ్మను చూసుకోవడానికి నేనూ అక్కా పుట్టింటికి వచ్చాం. ఆ శనివారం బావగారు కూడా గూడెం నుంచి రైల్లో వచ్చారు.

ఆదివారం భోజనాలవుతుండగా, హాలు మేనేజరు సాయిబుగారు గుమ్మంలోకి వచ్చారు. మా వీధిలోనే ఇల్లు. ఆయన అన్నదమ్ములంతా తివాచీలు నేసేవారు. ఈయన ఒక్కరే మగ్గం వదిలి సినిమా వెంట పడ్డారు. తలకు చుట్టుకున్న రుమాలు తడిసిపోయి ఉంది.

"అల్లుడుగారు ఉన్నారాండీ?" అన్నారు నాన్నతో. "మా కథ చెప్పేవాడికి గొంతు పోయిందండీ. పొద్దున్నించీ మిరియాల కషాయం పోస్తున్నాను, గాలి వస్తోంది గానీ మాట రావట్లేదు. మూడు గంటలకు ఆట. దెందులూరు నుంచి బళ్లు కట్టుకుని వచ్చేశారు జనం. ఇంగ్లీషు, హిందీ రెండూ వచ్చినవారు ఈ వీధిలో మీ అల్లుడుగారొక్కరేనండీ."

బావగారు చెయ్యి కడుక్కుంటూ, "అబ్బే, నావల్ల కాదండీ," అన్నారు. అది కూడా మాకు వినపడలేదు. తల అడ్డంగా ఊపడం చూసి అలా అన్నారనుకున్నాం.

"అక్షరాలు చదివేస్తే చాలండీ, అభినయం అక్కర్లేదు," అని సాయిబుగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. కాదనడానికైనా గొంతు పెంచాలి కదా. బావగారు పెంచలేకపోయారు. చొక్కా వేసుకుని ఆయన వెంట వెళ్లిపోయారు.

అక్క కంగారుగా నావైపు చూసింది. "నవ్వులపాలవుతారే. పద, మనమూ వెళదాం."

హాల్లో ఆడవాళ్ల బెంచీలు ఒక పక్కన, తెర వేసి ఉండేవి. దీపాలు ఆర్పాక ఆ తెర తీసేవారు. తలుపులూ కిటికీలూ గోనెపట్టాలతో మూసేస్తే పట్టపగలే చిమ్మచీకటి అయింది. బొమ్మ తెర పక్కన ఒక చిన్న బల్ల, దానిమీద మూత వేసిన లాంతరు. ఆ వెలుగులో బావగారి చెయ్యి, చేతిలో కథ క్లుప్తంగా రాసి ఉన్న కాగితం మాత్రం కనిపించాయి.

కథ ఒక దర్జీది. కోట గోడ కింద చిన్న కొట్టు. చెల్లెలు తప్ప ఎవరూ లేరు. ఎవరైనా కసిరితే తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకునే మనిషి. మొదటి రీలంతా బావగారి మాట ముందు వరసకు కూడా చేరలేదు.

"వినపడట్లేదండీ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"దర్జీకే కాదు, చెప్పేవాడికీ భయమే!" అన్నారు ఇంకొకరు. హాలంతా నవ్వింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో రీల్లో సేనాపతి గుర్రాలతో వచ్చాడు. అతని కొత్త కోటుకు కుట్టు వంకరపోయిందట. అంతమాత్రానికి కొట్టు తగలబెట్టించి, అడ్డం వచ్చిన దర్జీ చెల్లెల్ని జుట్టు పట్టి ఈడ్పించుకుపోయాడు. దర్జీ మట్టిలో పడి ఉన్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. మూగ బొమ్మ కదా, శబ్దం లేదు. ఆ నోరు అలా తెరుచుకునే ఉంది.

అప్పుడు తెర పక్కనుంచి ఒక కేక వచ్చింది. "చెల్లీ!"

రేకు గొట్టంలోంచి వచ్చిందో, నేలలోంచి వచ్చిందో చెప్పలేను. హార్మోనియం ఆగిపోయింది. నా పక్కన కూర్చున్న ముసలావిడ చేతిలో తమలపాకులు జారిపోయాయి. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎవరే అది?" అంది. నిజంగానే అడిగింది.

ఆ తర్వాత హాల్లో ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారేమో. ఆ సినిమాలో లేనిది లేదు. దర్జీని కొండగుహలో ముసుగులు వేసుకున్న మనుషులు చేరదీసి పదకొండు రోజుల్లో హంతకుణ్ణి చేశారు. సేనాపతి మనుషులు ఏడుగురు. ఒకణ్ణి దర్జీ కత్తెర విసిరి, దీపాల గుత్తి తాడు తెంపి, దాని కింద పడేశాడు. ఇంకొకణ్ణి పరిగెత్తే రైలు పైకప్పు మీద తరిమాడు. మూడోవాడి కోసం కోట బురుజు మీంచి గుర్రం మీదకు దూకి, గుర్రం మీంచి మోటారు కారులోకి దూకాడు. కోటలు, కత్తులు, రైళ్లు, మోటార్లు అన్నీ ఒకే రాజ్యంలో ఎలా ఉన్నాయని ఒక్కరైనా అడగలేదు. రైలు ఎదురుగా వచ్చినప్పుడు ముందు బెంచీల వాళ్లు లేచి పక్కకు తప్పుకున్నారు. నేను మాత్రం తక్కువా? ఏలూరు స్టేషన్లో రోజూ రైళ్లు చూసి పెరిగినదాన్ని, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను.

అదంతా ఒక ఎత్తు, బావగారి గొంతు ఒక ఎత్తు. గుర్రపు డెక్కల చప్పుడు నాలుకతో చేశారు. ముసుగువాళ్ల గురువుకు ఒక గొంతు, చెల్లెలికి ఒకటి, సేనాపతికి ముక్కులోంచి వచ్చే ఒకటి. కత్తి దూసినప్పుడల్లా పళ్ల మధ్యనుంచి గాలి లాగేవారు. చేతిలో కాగితం ఎప్పుడు పడిపోయిందో, దానికేసి చూడటం లేదు. రీలు మార్చేందుకు దీపాలు వెలిగించినప్పుడు జనం తెరవైపు కాక ఆ బల్లవైపు చూస్తున్నారు. ఆయన చెమటలు కారుతూ నిలబడి గోలీసోడా తాగుతున్నారు. మళ్లీ ఆ పాత మనిషే. కళ్లెత్తి ఎవరినీ చూడరు.

ఆఖరి రీలు వచ్చింది. ఏడుగురూ అయిపోయారు. సేనాపతి ఒక్కడే మిగిలాడు. రాజుగారి దర్బారుకు కొత్త అంగరఖా కుట్టించుకుంటున్నాడు. కొలతలు తీసుకోవడానికి ఒక దర్జీ లోపలికి వచ్చాడు. గడ్డం పెరిగింది, సేనాపతి పోల్చుకోలేదు. భుజాలు కొలిచాడు, చేతులు కొలిచాడు. టేపు మెడ దగ్గరకు వచ్చింది. అక్షరాలు రాలేదు. బొమ్మ తప్ప ఏమీ లేదు. బావగారు కూడా మాట్లాడలేదు. హాల్లో ఒక్క పిల్ల కూడా ఏడవలేదు. వెనకాల యంత్రం తిరుగుతున్న టకటక మాత్రం వినిపించింది.

బావగారు రేకు గొట్టం పక్కన పెట్టేశారు. ఆయన రోజూ మాట్లాడే గొంతుతో, ఆ వినపడీ వినపడని గొంతుతో, మెల్లగా అన్నారు:

"కొంచెం తల పైకెత్తుతారాండీ. మెడ కొలత తీసుకోవాలండీ."

ఆ మాట హాలు చివరిదాకా వినిపించింది, అంత నిశ్శబ్దంగా ఉంది. అంతకుముందు వేసిన కేకలేవీ ఆ మాటకు సాటి రావు. అలా మర్యాదగా అడిగే మనిషి చంపుతాడని ఎవరనుకుంటారు? సేనాపతి తల పైకెత్తాడు. ఆడవాళ్ల బెంచీల్లో సగం మంది కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

ఇంటికి వస్తూ వీధి మలుపు తిరిగాక అక్క, "పొద్దున నన్ను కాఫీ అడిగే గొంతేనే అది," అంది. అదే మాట మళ్లీ అంది.

అంతకుముందు హాలు దగ్గరే దెందులూరు నుంచి వచ్చిన ఒక పెద్దరైతు బావగారికి ఎదురువెళ్లి చేతులు జోడించాడు. "మీరేనాండీ అంతమందినీ చంపింది?"

"అబ్బే, నేను కాదండీ," అన్నారు బావగారు, తల దించుకుని.

ఆ రాత్రి భోజనంలో అమ్మ ఆయనకు నెయ్యి వడ్డిస్తూ కొంచెం దూరంగా నిలబడింది. ఆయన గ్లాసు ముందుకు జరపకముందే మా నాన్న లేచి నీళ్లు పోశారు.

మరో రెండు రోజులు సెలవు పెట్టి ఆయనే కథ చెప్పారు. ఆ తర్వాత గొంతు పోయినవాడికి గొంతు వచ్చింది. సినిమా పెట్టెలు రైలెక్కి వేరే ఊరికి వెళ్లాయి. బావగారు గూడెం మిల్లుకు వెళ్లి ఇంగ్లీషు ఉత్తరాలు రాసుకున్నారు.

కానీ ఆ వార్త కొల్లేరు దాకా వచ్చింది. ఏలూరు చేపల బజారుకు వెళ్లొచ్చే పడవలవాళ్లకు తెలియనిదేముంటుంది? ఆ చలికాలం అక్కా బావగారూ మా అత్తవారి ఊరు వచ్చినప్పుడు, రేవు దగ్గర వలలు బాగుచేసుకుంటున్న పెద్దలు నలుగురు మా మామగారి దగ్గరకు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది సినిమా చూసినవాళ్లు కారు. ఆ దర్జీ కథ చెప్పించండి అన్నారు.

"బొమ్మ లేకుండా ఎలాగండీ?" అన్నారు బావగారు.

వాళ్లలో పెద్దవాడు, "బొమ్మ మేం చూసుకుంటాం గానండీ, మాట మీరు చెప్పండి," అన్నాడు.

మధ్యాహ్నం ఎండలో, రేవులో బోర్లించిన పడవమీద కూర్చుని బావగారు మొదలుపెట్టారు. ముందు చిన్నగా, తర్వాత కొంచెం పెద్దగా. రేకు గొట్టం లేదు, తబలా లేదు. వలలు అల్లే చేతులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఆ జనంలో సగం మంది రైలు ఎక్కి ఎరగరు. అయినా రైలు పైకప్పు మీద దర్జీ పరిగెడుతుంటే వాళ్ల తలలు ఆ పక్కనుంచి ఈ పక్కకు తిరగడం నేను కళ్లారా చూశాను. ఖాళీ నీళ్లమీద వాళ్లకు ఏం కనిపించిందో! నేను చూసిన సినిమా కంటే పెద్దదే కనిపించి ఉంటుంది.

చివరికి తెరమీద ఎలా ముగిసిందో అలాగే ముగించారు. చెల్లెలు చెర విడిపించుకుని వచ్చింది, సేనాపతి అన్యాయాలు తెలుసుకున్న రాజు దర్జీకి కత్తి బహూకరించాడు, జెండాలు ఎగిరాయి.

అందరూ ఊపిరి వదిలారు. చేపలు ఎండబెట్టే ఒక ముసలమ్మ మాత్రం కదలలేదు. "అయితే బాబూ," అంది, "అంతమందిని చంపాక ఆయన మళ్లీ బట్టలు కుట్టగలిగాడాండీ?"

బావగారు ఆవిడ వంక చూశారు. సినిమాలో అది లేదని నాకు తెలుసు. లేదని చెప్పేస్తారనుకున్నాను. ఆయన నీళ్లవైపు తిరిగారు.

"కూర్చున్నాడమ్మా," అన్నారు. "పొద్దున్నే కొట్టు తెరిచి కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి నిలవలేదు. మూడుసార్లు తప్పింది. చెల్లెలు వచ్చి ఎక్కించి ఇచ్చింది. ఏమీ అనలేదు. అప్పుడు మొదలుపెట్టాడు, మెల్లగా."

ముసలమ్మ తల ఊపింది. "అదీ," అని లేచి వెళ్లిపోయింది. ఆ కొద్ది మాటలకే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పక్కన అక్క మొహం చూడలేకపోయాను. ఇంత కథ ఈ మనిషిలో ఎక్కడ దాక్కుందని మాత్రం అనుకున్నాను.

ఆ తర్వాత రెండు మూడేళ్లకు ఏలూరులో కూడా మాట్లాడే సినిమాలే వేశారు. కథ చెప్పేవాళ్ల అవసరం ఎవరికీ లేకపోయింది. మా మనసు నొచ్చుకుంది. బావగారిని తీసుకెళ్లాలా వద్దా అని కూడా ఆలోచించాం. చివరికి అందరం కలిసే వెళ్లాం. తెరమీద మనుషులు మాట్లాడుతున్నారు, పాడుతున్నారు. మాటలు కొంచెం గరగరలాడుతున్నాయి. నేను తెర చూడటం మానేసి ఆయన్నే చూస్తున్నాను. వెనక్కు వాలి, కాళ్లు చాపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు.

బయటకు వచ్చాక ధైర్యం చేసి, "ఎలా ఉంది బావగారూ?" అన్నాను.

"హాయిగా ఉందమ్మా," అన్నారు. "ఆ దర్జీ సినిమా మూడు రోజులు ఆడించాను గానీ, అక్షరాల కోసం వెతుక్కోవడంతోనే సరిపోయింది. రైలుమీద వాడు ఎలా దూకాడో నేను సరిగా చూడనేలేదు. మీరంతా చూశారు కదా, బాగా దూకాడా?"

అక్క, నేను ఒకేసారి మొదలుపెట్టాం. ఇంటికి చేరేదాకా దారంతా ఆయనకు ఆ సినిమా చెప్పుకొచ్చాం.