కార్డులక్కా, బండి ఱా

విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఆమె అసలు పేరు హాజరుపట్టీకి ఒక్కదానికే తెలుసు. మిగతా అందరికీ కార్డులక్క. ఇరవై రెండేళ్ళ కిందట చెక్క సొరుగుల్లో ఉండే పుస్తకాల కార్డులు రాయడానికి చేరింది. తర్వాత వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించిందీ ఆమే. కార్డులు చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి గానీ పేరు మాత్రం వదల్లేదు. పిలిస్తే పలుకుతుంది. పని మధ్యలో పిలిస్తే మాత్రం కళ్ళజోడు పైనుంచి ఓ చూపు చూస్తుంది. ఆ చూపుకి ఎంత పెద్ద ప్రొఫెసరైనా రెండడుగులు వెనక్కి వేయాల్సిందే.

ఆమె తండ్రి అచ్చాఫీసులో కంపోజిటర్‌గా చేసి మానుకున్నాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే పని. చిన్నప్పుడు కూతుర్ని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని ఆయన చెప్పిన పాఠం ఒక్కటే: "కాపీలో ఏముంటే అదే పెట్టు. నీ తెలివి కలపకు." కూతురు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. పుస్తకం అట్ట మీద ఎలా ఉంటే అలాగే ఎక్కించింది, చివరికి అచ్చుతప్పులతో సహా.

నెలనెలా సాహిత్య విభాగం కోసం ఆమె ఒక వార్తాపత్రం కూడా తీస్తుంది. కొత్తగా వచ్చిన పుస్తకాలేవి, ఏ పత్రికల పాత సంచికలు ఇంట్లోనే కూర్చుని చదువుకోవచ్చు, థీసిస్ రాసేవాళ్ళకు ఏ గది ఎప్పుడు ఖాళీ, ఇవన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా చదువుతారో లేదో తెలియదు. ఒక్క దీర్ఘం తప్పుపడితే మాత్రం ముగ్గురు ఫోన్ చేస్తారు. సాహిత్యం వాళ్ళు కదా మరి!

ఆ విభాగంలో పెద్ద మాస్టారు ఒకాయన ఉన్నారు. రిటైరైనా చదువు చెప్పడం మీద మమకారం పోక వారానికో క్లాసు తీసుకుంటారు. ఓ రోజు క్లాసులో "ఊరట అని చిన్న కవితల పుస్తకం. రాసినాయన పేరు కూడా వేసుకోలేదు. నలభై ఏళ్ళ కిందట మన లైబ్రరీలోనే చదివాను, మీరూ చదవండి" అన్నారు. పిల్లలు వెళ్ళి వెతికారు. కంప్యూటర్ లేదంది. పై వారం ఆయన మళ్ళీ అదే చెప్పారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

దాంతో మాస్టారే వచ్చారు.

"అమ్మా, నువ్వొక్కసారి చూడు. ఆకుపచ్చ అట్ట, సన్నగా ఉంటుంది."

కార్డులక్క 'ఊరట' అని కొట్టింది. సున్నా. "లేదండీ మాస్టారూ."

"బాగా చూశావా?"

"ఎక్కించిన దాన్ని నేనే కదండీ. ఉంటే వస్తుంది."

మూడు నెలల్లో మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ అదే జవాబు. మూడోసారి ఆయన వాదించలేదు. "అయితే నేనే కల్పించుకున్నానేమోలేమ్మా. ఈ మధ్య నా మతి మీద నాకే నమ్మకం పోయింది" అని వెళ్ళిపోయారు. మర్నాడు విభాగానికి చీటీ వచ్చింది: ఈ నెలాఖరుకి క్లాసు మానేస్తానని. ఆ కబురు కార్డులక్క దాకా వచ్చింది. ఆయన మతి తప్పిందని తేల్చింది డాక్టరు కాదు, తన కంప్యూటర్. పోనీ వెతుకుదామంటే పాత పుస్తకాలు నలభై వేలు, కింది గదుల్లో నంబర్ల వరసలో ఉన్నాయి. నంబరు తెలియకుండా దిగితే ఏడాది పడుతుంది.

మధ్యాహ్నం క్యాంటీన్లో ముద్ద దిగక తండ్రికి ఫోన్ చేసింది. ఆయనకు చెముడు.

"ఏమిటీ, ఊరేగింపా?"

"ఊరట నాన్నా, ఊరట! నాకు ఊరట కావాలి!"

నలుగురు తిరిగి చూశారు, పాపం ఈవిడకేం కష్టం వచ్చిందోనని.

"ఎప్పటి పుస్తకమే అది?"

"బాగా పాతది. నువ్వు పనిలో చేరకముందుదే అయ్యుంటుంది."

"అయితే ఏ ర? మామూలు రానా, బండి ఱానా?"

కార్డులక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బండి ఱ అంటే పాతకాలం నాటి బరువైన ఱ, రాతలోంచి ఎప్పుడో తప్పుకుంది. "మా రోజుల్లో పాతరాతవాళ్ళకి ఊరటంటే బండి ఱానే. ఆ ఱ పెట్టుకునే గడిలో సీసపు అక్షరాలు ఎప్పుడూ చాలేవి కావు" అని ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. వినడానికి ఇవతల మనిషి ఉంటే కదా!

చేయి కడిగీ కడగకుండానే వచ్చి 'ఊఱట' అని కొట్టింది. ఒకటి. ఒకే ఒక్కటి, నంబరుతో సహా. పదకొండేళ్ళ కిందట అట్ట మీద ఉన్నది ఉన్నట్టు తనే ఎక్కించింది. చదివేవాడికి రెండు ర-లూ ఒకటే. కంప్యూటర్‌కి ఓనమాలు ఎవరు నేర్పారు గనక, దానికి వేరు వేరు!

కిందికి పరుగెత్తింది. రెండు లావు పుస్తకాల మధ్య నలిగి ఉంది. ఆకుపచ్చ అట్ట, సన్నగా. "హమ్మయ్య!" అని పైకే అనేసి అక్కడే మెట్టు మీద కూలబడింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండిటినీ ఆపుకోలేదు.

ఆ సాయంత్రమే బండి ఱ ఉన్న పేర్లన్నీ లాగింది. ఱెక్కలూ, ఱాళ్ళూ, గుఱ్ఱాలూ కలిపి అరవై మూడు. పదకొండేళ్ళుగా ఇంట్లోనే ఉండి, అడిగినవాళ్ళందరికీ లేవనిపించుకున్న పుస్తకాలు.

"దొరికాయి కదా, గుట్టుగా సరిచేసేయండి" అన్నారు లైబ్రేరియన్.

"గుట్టుగా సరిచేస్తే మాస్టారి మతిమరుపు మాత్రం బజార్లో ఉండిపోతుంది సార్," అంది కార్డులక్క.

ఆయన కాసేపు పెన్ను కొరికి, సరేనన్నారు. ఆ నెల వార్తాపత్రంలో అన్నిటికంటే పైన ఇలా వేసింది: "పెద్ద మాస్టారు చెప్పిన 'ఊఱట' మన దగ్గరే ఉంది. ఎప్పుడూ ఉంది. దొరకకపోవడం నా పొరపాటు. ఇకమీదట ఏ ర కొట్టినా వస్తుంది. ఇలాగే దాగిన మరో అరవై రెండు పుస్తకాల పేర్లు వెనక పేజీలో." ఈసారి ఎవరూ తప్పు పట్టడానికి ఫోన్ చేయలేదు.

వార్తాపత్రం, పుస్తకం పట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసింది. మాస్టారు అట్ట చూశారు, ముట్టుకోలేదు.

"ఇరవై ఒకటో పేజీ తియ్యమ్మా. వాన వెలిశాక ఒకామె గొడుగు ఆరబెడుతుంది."

కార్డులక్క తిప్పింది. ఇరవై ఒకటిలో లేదు. ఇంకో కాగితం తిప్పింది.

"ఉంది మాస్టారూ! ఇరవై మూడు!"

"రెండు పేజీలేగా! నలభై ఏళ్ళకి ఆ మాత్రం తేడా రాదూ?" అని పకపకా నవ్వారాయన. నవ్వుతూనే పుస్తకం తీసుకుని కళ్ళకు మరీ దగ్గరగా పెట్టుకున్నారు. చాలాసేపు మొహం కనిపించలేదు.

"నన్ను క్షమించండి మాస్టారూ," అంది కార్డులక్క.

"ఉన్నదున్నట్టు ఎక్కించావు. అందుకే కదా ఉంది," అన్నారు పుస్తకం వెనకనుంచి.

వంటగది గుమ్మంలో ఆయన భార్య కార్డులక్క చెయ్యి పట్టుకుంది. "మూడు నెలలుగా క్లాసుకైనా సరే, నేను తోడు లేకుండా ఈయన్ని ఒంటరిగా గేటు దాటనివ్వడం లేదమ్మా. దారి మరిచిపోతారేమోనని నా భయం. ఆయన ఎదుట ఏ మాట అనాలన్నా నోరు కట్టేసుకోవడమే."

కార్డులక్క బయల్దేరుతుంటే మాస్టారు చొక్కా తొడుక్కుంటూ వచ్చారు. "చీకటి పడకముందే బస్సు దాకా నేను దిగబెట్టి వస్తాను."

భార్య ఒక్క క్షణం ఆయన్నే చూసింది. కూడా రాలేదు, ఆపలేదు.

"వచ్చేటప్పుడు రెండు బట్టల సబ్బులు పట్టుకురండి," అంది. "మరిచిపోకండి!"

ఆ ఆఖరి మాట భర్తతో అనడానికి ఆవిడకి మూడు నెలలుగా నోరు రాలేదు.