బెంచీ మీద చప్పుడు చేయని మనిషి

నెలకోసారి బీపీ గోలీల కోసం నేను వెళ్ళే చిన్న దవాఖాన ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వెళ్ళే దారిలో ఉంది. ఒక డాక్టరు, ఒక నర్సు. చిట్టీ తీసుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంటే అటెండరు వరుసగా పిలుస్తాడు.

ఒక చలికాలం పొద్దున నా పక్కన గాంధారి ఊరి వైపు రైతు ఒకాయన వచ్చి కూర్చున్నాడు. యాభై దాటి ఉంటాయి. మేమంతా శాలువాలు బిగించి కప్పుకుని ఉంటే, ఆయన మఫ్లరు విప్పి మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"ఏమైంది అన్నా?" అని అడిగాను.

"గ్యాస్ పట్టింది చెల్లె. రాత్రి దావత్‌ల మటన్ ఎక్కువ తిన్న. ఛాతి మీద బండ పెట్టినట్టున్నది. గోలీ ఇస్తే తగ్గుతది."

ఆయన వంతు వచ్చే వేళకు ఒక తల్లి, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పిల్లను ఎత్తుకుని పరుగున వచ్చింది. ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "నువ్వు పో బిడ్డ. నాకేం తొందర లేదు."

ఆ పిల్ల బయటికి రాకముందే, గొడ్డలి తగిలి కాలు తెగిన కూలీని నలుగురు మోసుకొచ్చారు. వరండా అంతా అరుపులు. అందరి చూపూ ఆ నెత్తురు మీదే. రైతు మాత్రం ఎడమ చెయ్యి పిసుక్కుంటూ నేల వైపు చూస్తున్నాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

తలుపు దగ్గరికి వెళ్ళి, ఆయన్ని తొందరగా లోపలికి పంపమని అటెండరుకు చెప్పాను.

"అందరికీ తొందరనే అమ్మ. లోపల కుట్లేస్తున్నరు. ఆయన మంచిగనే కూసున్నడు గదా, జర ఆగుండ్రి."

వెనక్కి తిరిగేసరికి ఆయన గోడకు ఒరిగిపోయి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నర్సు ఉరికొచ్చింది, డాక్టరు అక్కడే నేల మీద పడుకోబెట్టి ఛాతి ఒత్తాడు. అంబులెన్సు వచ్చింది. కామారెడ్డి చేరకముందే ప్రాణం పోయిందని సాయంత్రం తెలిసింది.

మరుసటి నెల వెళ్తే పద్ధతి మారింది. చిట్టీలు రాయకముందే నర్సు బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ, ఒక్కొక్కరి ముందూ ఆగుతోంది. ఛాతి బరువుందా, ఊపిరాడక దమ్ము వస్తోందా, చెమటలు పడుతున్నాయా అని అడుగుతోంది. ఉందన్నవాళ్ళను నేరుగా లోపలికి తీసుకుపోతోంది.

"డాక్టరు సారు ఎవ్వలను తిట్టలే. అందరం కూసొని యాడ తప్పు జరిగిందో చూద్దామన్నడు. అరిసెటోళ్ళను సూస్తున్నం గని, అరవనోళ్ళను సూస్తలేమని సమజయింది" అంది నర్సు.

ఆ తర్వాత తండా నుంచి వచ్చిన ఒకావిడకు గుండెపోటని అలాగే కనిపెట్టి కామారెడ్డికి పంపారు. ఆమె బతికింది.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. నర్సు సెలవులో ఉంది. బదులుగా ఎవరూ రాలేదు. అటెండరు చిట్టీలు రాసి లోపలికి పోయాడు. బెంచీ నిండా జనం. కొందరు దగ్గుతున్నారు, కొందరు ఫోన్లు చూస్తున్నారు, చాలామంది ఊరికే కూర్చున్నారు. ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఏ ముఖమూ నాకేమీ చెప్పలేదు.