హనుమంతు బావ వేసిన కేక

మా హనుమంతు బావ మాచర్ల దగ్గర రాతి క్వారీలో మందు పేల్చే మనిషి. బండలో కూరిన మందు తోటాకు వత్తి ముట్టించే ముందు "మందోయ్ మందు!" అని కేక వేసేవాడు. అది వినగానే ఎవరైనా సరే దగ్గర్లో ఉన్న బండ చాటుకు దూరి, తల మీద చేతులు పెట్టుకుని కూర్చోవాలి. మళ్లీ ఆయన "అయిపోయిందోయ్" అనేదాకా లేవకూడదు. మా క్వారీ గుడిసెల్లో పిల్లలకు మాటలు రాకముందే ఇది నేర్పుతారు. ఇరవై ఏళ్లలో, నాతో సహా, బావ కింద పనిచేసినవాళ్లకు గోరు కూడా ఊడలేదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక ఆదివారం కృష్ణ ఒడ్డుకు పోయాం. మా అక్క దుర్గమ్మ ఇసుకలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. బావకు ఒక్కగానొక్క కూతురు ఎల్లమ్మ, ఎనిమిదేళ్లది, పరికిణీ ఎగదోపి నీళ్లలో చిందులేస్తోంది. పొద్దుటి నుంచి గాలం వేస్తే పడినవి రెండు జెల్ల చేపలు. అవి ఎవరి పంటి కిందికి?

అప్పుడు వాగింది ఈ పాడు నోరే. "గాలాలేంది బావా? సంచిలో తోటా తెచ్చా. మడుగులో పడేస్తే గంపెడు తేలతయ్యి!"

"వద్దురా. పిల్ల ఉంది."

"పిల్లను పైకి పిలువు. భయమైతే చెప్పు, నేనేస్తా."

బావకు రోషం వచ్చింది. ఎల్లమ్మను ఒడ్డెక్కించి, మడుగు వైపు తిరిగి వత్తి ముట్టించాడు. ఇరవై ఏళ్ల అలవాటు, నోరు ఊరుకుంటుందా? "మందోయ్ మందు!" అన్నాడు.

పిల్ల గిరుక్కున తిరిగి ఉరికింది. దగ్గర్లో ఉన్న బండ ఒక్కటే, అదీ మడుగు అంచున, సగం నీళ్లలో. దాని చాటున కూర్చుని తల మీద చేతులు పెట్టుకుంది.

విసరబోయిన చెయ్యి ఆగిపోయింది. ముందు కూతురు, వెనక పొయ్యి దగ్గర మా అక్క. "ఇసిరెయ్ బావా!" అని అరిచాను, వెధవను. ఎటు విసురుతాడు? మాకు దూరంగా ఇసుకలో పక్కకు పరిగెత్తాడు. విసిరేలోపే పేలింది.

కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. అక్క గుండెలు బాదుకుంటోంది. నేను తలగుడ్డ చించి కట్టు కడుతున్నాను. బావ మా ఇద్దరినీ చూడలేదు, బండ వైపే చూస్తున్నాడు. ఎల్లమ్మ అక్కడే కూర్చుని ఉంది. అక్క పిలిచినా, నేను పిలిచినా లేవలేదు.

బావ మోచేతి మీద లేచి, గొంతు కూడగట్టుకుని అన్నాడు. "అయిపోయిందోయ్..."

అప్పుడు లేచింది పిల్ల.

ఇప్పుడు క్వారీలో వత్తి ముట్టించేది నేను. కేక వేసేది మాత్రం బావే. నేను "అయిపోయిందోయ్" అంటే ఎల్లమ్మ బండ చాటు నుంచి బయటికి రాదు.