పిట్ట ఎంగిలి

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. ఆ ఏడు మాత్రం మా ఊళ్లో ఎవరూ కూర్చోలేదు. అన్నం ముందు కూర్చున్నవాళ్లు కుక్క మొరిగితే లేచి నిలబడేవారు. మాది కాళేశ్వరానికి దిగువన గోదారి ఒడ్డు పల్లె. జనగామ దిక్కు నుంచి దొరలను ఎదిరించే సంఘం పాటలు మా దాకా వచ్చాయి, వాటి వెనకే రజాకార్లూ వచ్చారు. నదికి ఇటు ఒడ్డు నైజాం రాజ్యం, అటు ఒడ్డు కాదు. ప్రాణం దక్కించుకోవడానికి ఆ తేడా చాలు.

మా బాపు దొర గడికి వెట్టి బండి కట్టనన్నాడు. దొర మనుషులు ఎడమ కాలు మోకాలి కింద విరగ్గొట్టి ఇంటి ముందు పడేసిపోయారు. మళ్లీ వస్తామని చెప్పి మరీ పోయారు. ఊళ్లో మగవాళ్లు ఒక్కొక్కరే పశువులను తోలుకుపోతున్నట్టు నదిలో దిగి అవతలికి దాటేస్తున్నారు. బాపును మంచం మీద మోసుకుపోదామంటే రేవులో కావలి ఉంది. నడిచేవాణ్ణి పెద్దగా అడగరు, మోసుకుపోయేవాణ్ణి తప్పకుండా ఆపుతారు. అందుకని దొర మనుషులు మళ్లీ వచ్చేలోగా బాపు కాలు నిలబడాలి. నాకు తెలిసిందల్లా అదొక్కటే. వాకిట్లోంచి మంచం దగ్గరికి, మంచం దగ్గర్నుంచి వాకిట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

ఎముకలు కట్టేది మా నాయనమ్మే. ఆమెను మేమందరం, బాపు, చిన్నాయిన కూడా, అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె మందు బదనిక. చెట్టు కొమ్మ మీద పుట్టి, ఆ చెట్టు రసమే తాగి బతికే మొక్క. మామూలు బదనికలు ఏ మామిడి మీదైనా కనబడతాయి. అవ్వకు కావలసింది వేరు. దానికి ఆకులుండవు. కణుపు మీద కణుపుగా, వేళ్ల ఎముకలు పేర్చినట్టు పచ్చగా వేలాడుతుంది. మా చుట్టుపక్కల అది ఒక్కచోటే ఉండేది. నది నడుమ గడ్డ మీద, ఒక ముసలి తునికి చెట్టుకు. ఆ ఏడు ఎన్ని ఊళ్లలో ఎన్ని ఎముకలు విరిగాయో, రేగొండ దిక్కు నుంచి కూడా మనుషులు వచ్చేవారు. కట్టీ కట్టీ చివరికి చెట్టుకు ఒక్క గుత్తి మిగిలింది.

మా చిన్నాయినకు ఆ మొక్కంటే చిరాకు. సంఘంలో తిరిగేవాడు, అన్నిటికీ సంఘం లెక్కే. ఇంకొకరి కష్టం తాగి పచ్చగా ఉండేది దొర కాక ఏమిటని, చెట్లలో కూడా దొరలున్నారని నవ్వేవాడు. అయినా మందు కాబట్టి ఊరికో మొక్క ఉండాలని, అంతకుముందే కొన్ని కొమ్మలు తెచ్చి పెరట్లో పాతాడు. దున్నేవాడికి భూమి ఇచ్చినట్టు దానికీ కాస్త భూమి ఇస్తే బాగుపడుతుందన్నాడు. రోజూ నీళ్లు పోశాడు. అవి రోజూ ఎండాయి. ఆ కొమ్మలుంటే ఎందరి కాళ్లో కట్టేదాన్నని అవ్వ చాలా రోజులు సణిగింది.

ఒక చలికాలపు ఉదయం అవ్వ నన్ను వెంటబెట్టుకుని నదిలో దిగింది. మా వైపు పాయ నా నడుము లోతే. గడ్డ ఎక్కేసరికి నా పళ్లు టకటకలాడుతున్నాయి. గుత్తి నిండా జొన్నగింజలంత పండ్లు. అవ్వ కొడవలితో సగం కోసి కొంగున కట్టుకుని ఆగిపోయింది. మిగతా సగం కూడా కోయమని చెయ్యి పట్టి లాగాను. ఆమె విననట్టే మిగిలిన సగానికున్న పండ్లు కొన్ని తెంపి నా దోసిట్లో పోసింది. పండు నొక్కితే గింజ జిగురుగా బయటికొస్తుంది. దాన్ని పక్కనున్న లేత తునికి చెట్ల కొమ్మలకు రుద్దాలట. రుద్దే ముందు బెరడు మీద ఉమ్మి రాయాలట. చెంబు ఎత్తి గొంతులో పోసుకునే మనిషి, ఎంగిలి అంటే ఆమడ దూరం జరిగే మనిషి ఆ మాట అంటుంటే నేను నోరు తెరిచి చూశాను.

"భూమిల పెడ్తె ఇది మొలవది బిడ్డా. పిట్ట పండు తిని ముక్కు కొమ్మకు రాస్తది. గా పిట్ట ఎంగిలి పడ్డకాడనే మొలుస్తది. ఇయ్యాల పిట్టవు నువ్వే."

నాకు ఏడుపొచ్చింది. బాపు అక్కడ పడి ఉన్నాడు, ఒడ్డున దుమ్ము లేస్తే రజాకార్ల లారీ వస్తోందనిపిస్తోంది, మేమేమో ఇక్కడ చెట్లకు ఉమ్మి రాస్తున్నాం. ఈ గింజ కన్ను తెరిస్తే మీ బాపు లేస్తాడని అవ్వ ఒక మాట వేసింది. అంతే, ఆమె ఎత్తి పట్టుకుంటే అందిన ప్రతి కొమ్మకూ రాశాను.

ఇంట్లో సగం గుత్తి చూసి చిన్నాయిన మండిపడ్డాడు. మొత్తం నూరితే పట్టు దట్టంగా పడేది కదా అన్నాడు. అవ్వ ఆ సగాన్నే నూరింది, గుడ్డుసొన కలిపింది, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టింది. చిన్నాయిన ఊరుకోలేదు.

"కన్నకొడుకు కంటె గా బదనికనే ఎక్కువైందా అవ్వా?"

అవ్వ ముడి బిగించి తలెత్తింది.

"రేపు నీ కాలు ఇరిగితే ఏం కట్టాలె?"

ఆ మాటకు ఏడ్చింది బాపే. నొప్పికి ఏడవని మనిషి తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అప్పటిదాకా నాకు లోకంలో విరిగిన కాలు ఒక్కటే, మా బాపుది.

ఆ మర్నాటి నుంచి గింజలు చూడడానికి బర్రెల వెంట రోజూ గడ్డకు పోయేదాన్ని. అవ్వే నన్ను తోలేది. రేవు కావలివాళ్లు మొదట ఎక్కడికని అడిగారు, తర్వాత విసుక్కున్నారు, ఆఖరికి నా వైపు చూడడమే మానేశారు. ఇంటికొచ్చి గింజ కన్ను తెరవలేదని చెప్పడం, బాపు ముఖం చూడలేక మళ్లీ బయటికి పరుగెత్తడం. దొర మనుషులు ఇంకా రాలేదు, వారాలు అట్లాగే గడిచాయి. ఒకరోజు గింజలోంచి పచ్చటి మొన వచ్చి బెరడు వైపు వంగి ఉంది. పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. అవ్వ కట్టు విప్పి, బాపు చేతిలో పశువుల కట్టె పెట్టి, బిడ్డ వెంట పోయి గింజ చూసి రమ్మంది. కుంటుకుంటూ, మెడ మీద గొంగడితో బర్రెల వెనక బాపు నడిచాడు. కావలివాళ్లు మమ్మల్ని రోజూ చూసే బర్రెల్లాగే చూశారు. బాపు గడ్డ మీద ఆ చిన్న మొనను వేలితో తాకి చూశాడు. ఆ తర్వాత చేపలవాళ్ల పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాడు.

నన్ను రోజూ నదికి తోలింది అందుకేనా అని అవ్వను ఎప్పుడూ అడగలేదు. మరుసటి ఏడు సంఘంతో అడవికి పోయిన చిన్నాయిన చెయ్యి విరిగి తిరిగొచ్చాడు. కట్టడానికి బదనిక ఉంది. కట్టించుకున్నంతసేపూ అతను తలెత్తలేదు.

బాపు కాలిని నిలబెట్టింది బదనికో, వెదురు బద్దలో నాకు తెలియదు. ఇప్పుడెవరైనా కాలు విరిగి వస్తే దవాఖానకే పొమ్మంటాను. ఆ గడ్డ ఆనకట్ట నీళ్లు నిలిచి మునిగిపోయింది, ముసలి తునికీ పోయింది. అంతకుముందే ఏటేటా పండ్లు తెచ్చి ఒడ్డు చెట్లకు నేను రాసిన ఎంగిలి మాత్రం నిలిచింది. మా మనవరాలు ఛీ అంటూనే కొమ్మకు ఉమ్మి రాస్తుంది. అడిగినవాళ్లకు కాస్త కోసిస్తాను, పండ్లున్న సగం ఎంత బతిమాలినా ముట్టనివ్వను. ఎవరి కాలు విరుగుతుందో ఇంకా తెలియదు కదా.